షవర్ గాజు పార్టిషన్ పెట్టించుకునే ముందు: కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత స్నానాల గదిని బాగు చేయించుకునేవాళ్లలో చాలామంది ఇప్పుడు షవర్ చుట్టూ గాజు పార్టిషన్ గురించి అడుగుతున్నారు. బెంగళూరులోనో హైదరాబాదులోనో బంధువుల ఫ్లాట్‌లో చూసి వచ్చి, అచ్చం అలాంటిదే కావాలంటారు. చూడముచ్చటైన వస్తువే, సందేహం లేదు. అయితే మన మూడు ఊళ్లలో దాని మన్నికను తేల్చేవి పైపులో వచ్చే నీళ్లు, నేలకు ఇచ్చిన వాటం. ముందు ఆ రెండూ చూసుకుని తర్వాత గాజు దగ్గరికి వెళ్లండి. కింది జవాబులన్నిటికీ ఆధారం అదే.

మా ఇంట్లో అసలు గాజు పార్టిషన్ అవసరమా?

ఇంట్లో ఎవరు ఎలా స్నానం చేస్తారో ముందు చూడండి. పార్టిషన్ చేసే పని ఒక్కటే: షవర్ నీళ్లు కమోడ్ వైపు, వాష్‌బేసిన్ వైపు పడకుండా ఆపి, గదిలో సగం పొడిగా ఉంచడం. పొడి నేల మీద కాలు జారదు కాబట్టి పెద్దవాళ్లున్న ఇంట్లో అది చిన్న లాభం కాదు.

ఇంటిల్లిపాదీ బకెట్, చెంబుతోనే స్నానం చేసేవాళ్లయితే మాత్రం డబ్బాలాంటి గాజు గది ఇరుకైపోతుంది. పీట వేసుకుని కూర్చోవాలి, చేతులు చాపి తల రుద్దుకోవాలి, పండగనాడు పిల్లలకు నూనె పెట్టి నలుగు పెట్టాలి. మూడడుగుల పెట్టెలో ఇవన్నీ సాగవు. అలాంటి ఇళ్లకు తలుపు లేని ఒకే ఒక్క స్థిరమైన గాజు పలక చాలు. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, మన ప్రాంతంలో ఎక్కువ ఇళ్లకు అదే సరైన ఎంపిక.

గది ఎంత పెద్దదిగా ఉండాలి?

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం స్నానాల గది, మరుగుదొడ్డి కలిసి ఉంటే కనీసం 2.8 చదరపు మీటర్ల వైశాల్యం, 1.2 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే వెడల్పు దాదాపు నాలుగు అడుగులు, పొడవు ఏడున్నర పైచిలుకు. మన పాత ఇళ్లలో చాలా గదులు ఈ అంచునే ఉంటాయి.

షవర్ భాగానికి మూడడుగులకు మూడడుగులు కనీసం కావాలి. నాలుగడుగుల పొడవు దొరికితే హాయిగా ఉంటుంది. నాలుగడుగుల వెడల్పున్న గదిలో షవర్‌ను దూరపు కొసన పెట్టి, రెండడుగుల గాజు పలకను అడ్డంగా నిలబెట్టి, మిగిలిన రెండడుగులు నడిచే దారిగా వదిలేయవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. షవర్ మూతి ఆ దారివైపు తిరిగి ఉండకూడదు. పక్క గోడకు, గాజు ఆనుకున్న వైపునే షవర్ పెట్టిస్తే నీళ్లు ఎదుటి గోడ మీద పడతాయి, బయటికి చిమ్మడం తగ్గుతుంది. గోడలో పైపులు వేయకముందే ఈ సంగతి ప్లంబర్‌కు చెప్పాలి. టైల్స్ అంటించాక చెబితే మళ్లీ గోడ పగలగొట్టాల్సిందే.

జరిగే తలుపా, తెరుచుకునే తలుపా, అసలు తలుపు లేకుండానా?

తలుపు లేని స్థిరమైన పలకకు కదిలే భాగాలు ఉండవు, కాబట్టి చెడిపోయేవీ తక్కువ. తుడవడం తేలిక.

కబ్జాల (తలుపు కీళ్ల) మీద తెరుచుకునే తలుపు ముందు రెండడుగులైనా ఖాళీ ఉండాలి. కమోడ్‌కో బేసిన్‌కో తగులుతుందేమో నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకోండి. కాగితం మీద బొమ్మలో సరిపోయింది గదిలో సరిపోకపోవచ్చు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపును వాళ్ల శరీరమే అడ్డుకుంటుంది.

జరిగే తలుపు చోటు ఆదా చేస్తుంది, ఇరుకు గదుల్లో అందుకే అమ్ముడవుతుంది. కానీ బోరు నీళ్ల ఇళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను. కింది పట్టాలో నీళ్లు నిలిచి, ఆరి, సున్నం పేరుకుంటుంది. చక్రాలు బిగుసుకుంటాయి. సబ్బు మురికి, వెంట్రుకలు అందులోనే చేరతాయి. తప్పదనుకుంటే చక్రాలు పైనే ఉండి, కింద పట్టా లేకుండా చిన్న గైడ్ మాత్రమే ఉండే రకం తీసుకోండి.

మూలకు పెట్టే గుండ్రని రకంలో వంపు తిరిగిన గాజు ఉంటుంది. పగిలితే అదే వంపుతో మరో పలక దొరకడం కష్టం. చదును గాజే మేలు.

మా బోరు నీళ్లకు గాజు తెల్లబడుతుందంటున్నారు, నిజమేనా?

నిజమే. ఈ పేజీ మొత్తంలో మీరు ఒక్క జవాబే చదవదలిస్తే ఇది చదవండి.

నేల కింది నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. కర్నూలు, కడప పరిసరాల్లో చాలాచోట్ల నేల కింద సున్నపురాయి పొరలే కాబట్టి ఆ పాళ్లు ఎక్కువ. గాజు మీద చుక్క ఆరేటప్పుడు నీళ్లు, బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోతాయి, కాల్షియం కార్బొనేట్ అక్కడే మిగిలిపోతుంది. ఆ తెల్లమచ్చ అదే. మన ఎండలకు, పొడిగాలికి చుక్క జారిపోకముందే ఆరిపోతుంది కాబట్టి మచ్చ తొందరగా పడుతుంది. సబ్బు బిళ్ల వాడితే సబ్బు ఆ కాల్షియంతో కలిసి నీటిలో కరగని జిడ్డు పొరగా మారి పైన అంటుకుంటుంది. నెలల తరబడి వదిలేస్తే గాజు పైపొరే దెబ్బతింటుంది, అప్పుడు ఏం పెట్టి తుడిచినా మెరుపు తిరిగిరాదు.

మీ నీళ్లు ఎలాంటివో ముందు తెలుసుకోండి. గీజరు రాడ్‌కు పట్టిన తెల్ల పెచ్చు, కుళాయి మూతికి కట్టిన గట్టి పొర, సబ్బు నురగ రాకపోవడం ఇవన్నీ సూచనలే. అయినా ప్రయోగశాలలో పరీక్ష చేయించడం మంచిది. జిల్లాల్లోని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లోనూ నీటి పరీక్షలు చేస్తారు. నివేదికలో మొత్తం కాఠిన్యం అనే అంకె చూడండి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. చేతి టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. ఆ అంకె ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు.

200 లోపు ఉంటే నచ్చిన పార్టిషన్ పెట్టించుకోండి. 600 దాటితే గాజు వీలైనంత తక్కువగా ఉండాలి. ఒక్క పలక, లేదా నడుము ఎత్తు వరకు టైల్స్ గోడ కట్టి పైన మాత్రమే గాజు. మధ్యలో ఉన్నవాళ్లు రోజూ తుడిచే ఓపిక ఇంట్లో ఎవరికైనా ఉందా అని నిజాయితీగా ఆలోచించుకోవాలి.

మునిసిపల్ కుళాయి నీళ్లతో పరిస్థితి మెరుగ్గా ఉంటుంది. కర్నూలుకు తుంగభద్ర, అనంతపురానికి పెన్నహోబిలం జలాశయం నీళ్లు వస్తాయి. నదీజలాల్లో సాధారణంగా కాఠిన్యం తక్కువ. ఇంటి మీద రెండు ట్యాంకులుంటే మునిసిపల్ నీళ్ల ట్యాంకు నుంచి షవర్‌కు విడిగా లైను వేయించమని గట్టిగా చెబుతాను. గోడలు తెరిచి ఉన్న సమయంలో అది కొద్దిపాటి పైపు ఖర్చుతో అయిపోతుంది.

సాఫ్టెనర్ పెట్టిస్తే సరిపోతుందా?

ఉప్పుతో పనిచేసే అయాన్ మార్పిడి సాఫ్టెనర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి బదులు సోడియంను నీటిలోకి వదులుతుంది. మచ్చలు పూర్తిగా పోవు, కానీ మిగిలే సోడియం లవణాలు తడిగుడ్డతో సులభంగా వస్తాయి. గీజరు, వాషింగ్ మెషీన్ కూడా బాగుపడతాయి. దానికి తరచుగా ఉప్పు పోస్తుండాలి. అది వదిలే ఉప్పునీటిని మొక్కలకు పోయకూడదు. నీళ్లకు కరువున్న వీధిలో ఆ వృథా కూడా లెక్కలో పెట్టుకోవాలి.

పైపుకు అయస్కాంతం తగిలిస్తే నీళ్లు మెత్తబడతాయని చెప్పి అమ్మేవాటికి డబ్బు పెట్టకండి. అలాగే ఆర్వో యంత్రం వదిలే నీళ్లతో గాజు కడగవద్దు. వాటిలో లవణాలు మామూలు నీటికన్నా ఎక్కువ.

గాజు మీద పూత వేయిస్తే?

నీళ్లు చుక్కలుగా జారిపోయేలా చేసే పూత ఉంటుంది. పనిచేస్తుంది, కానీ శాశ్వతం కాదు, అరిగిపోతుంది. పూత ఉంది కదా అని తుడవడం మానేస్తే ఫలితం ఉండదు.

గాజు ఎంత మందం ఉండాలి? టఫెన్డ్ అంటే ఏమిటి?

మామూలు గాజును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారిస్తే అది టఫెన్డ్ గాజు అవుతుంది. మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న మొద్దు ముక్కలుగా రాలుతుంది. స్నానాల గదిలో ఇది కాక మరే మామూలు గాజూ పెట్టించవద్దు, ఎంత తక్కువకు ఇస్తామన్నా సరే. పలక మూలన చెరగని ముద్ర ఉంటుంది. భద్రతా గాజుకు సంబంధించిన ఐఎస్ 2553 గుర్తు అందులో ఉందో లేదో బిగించకముందే చూడండి.

ఫ్రేము ఉన్న పార్టిషన్‌కు 6 మిల్లీమీటర్లు, ఫ్రేము లేని వాటికి 8 లేదా 10 వాడతారు. ఒక చదరపు మీటరు గాజు ప్రతి మిల్లీమీటరు మందానికి 2.5 కిలోల బరువు తూగుతుంది. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున్న తలుపు 8 మిల్లీమీటర్లలో దాదాపు 30 కిలోలు, 10లో 38 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువంతా రెండు కబ్జాల మీద వేలాడుతుంది. మందం ఎక్కువైతే బలం ఎక్కువే, కానీ గోడ మీద భారమూ ఎక్కువే. మామూలు ఇళ్లకు 8 మిల్లీమీటర్లు చాలు.

గాజు దానంతట అదే పగిలిపోతుందని విన్నాం.

అరుదుగా జరుగుతుంది. గాజు తయారీలో చేరిన నికెల్ సల్ఫైడ్ రేణువులు కాలక్రమంలో ఉబ్బి పలకను పగలగొట్టగలవు. తయారీ కేంద్రంలో మళ్లీ వేడిచేసి పరీక్షించిన గాజు అడిగితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే కారణం వేరు: అంచుకు తగిలిన దెబ్బ. టఫెన్డ్ గాజు మధ్యలో గట్టిగా ఉంటుంది, అంచు దాని బలహీనత. బిగించే రోజు పలకను నేరుగా టైల్స్ మీద నిలబెట్టనివ్వకండి, చెక్కో రబ్బరో కింద ఉండాలి. ఇనుము గాజుకు నేరుగా తాకకూడదు, మధ్యలో గాస్కెట్ ఉండాలి.

పసిపిల్లలున్న ఇంట్లో రెండు పలకల మధ్య పొర ఉండే లామినేటెడ్ గాజు, లేదా గాజు మీద భద్రతా ఫిల్మ్ అడగండి. పగిలినా ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి.

కబ్జాలు, హ్యాండిళ్లు ఏ లోహంలో తీసుకోవాలి?

304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, లేదా మంచి పూత ఉన్న ఇత్తడి. నీళ్లలో ఉప్పు పాలు ఎక్కువగా ఉన్నవాళ్లకు 316 ఇంకా మంచిది, అందులోని మాలిబ్డినం క్లోరైడ్ల వల్ల పడే గుంటల తుప్పును తట్టుకుంటుంది. అంగట్లో తక్కువ ధరకు దొరికేది తరచుగా 202 రకమో, జింకు మిశ్రమమో అయి ఉంటుంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 అని దుకాణదారు చూపిస్తే నమ్మకండి, 202 కూడా అయస్కాంతానికి అంటుకోకపోవచ్చు. గ్రేడు బిల్లు మీద రాయించుకోవడమే మీకు రక్ష.

మాది పాత రాతి గోడల ఇల్లు. గాజు తలుపు బరువు ఆపుతుందా?

మట్టి అడుసుతో కట్టిన రాతి గోడకు నేరుగా కబ్జాలు బిగించవద్దు. రంధ్రం వేస్తే లోపల మట్టి రాలి బోల్టు వదులవుతుంది. స్థిరమైన పలకను నేలలోనూ గోడలోనూ ఛానెల్‌లో కూర్చోబెట్టడం ఒక దారి, బరువు ఎక్కువ భాగం నేల మీద పడుతుంది. తలుపే కావాలంటే కింద నేలకు, పైన పట్టీకి తిరిగే పివట్ రకం ఎంచుకోండి. లేదా ఆ భాగంలో ఇటుకతో కొత్త గోడ లేపించండి. తేలికపాటి సిమెంటు బ్లాకుల గోడకైతే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు సరిపోవు, రసాయన యాంకర్లు (రంధ్రంలో జిగురు మందు నింపి బిగించే బోల్టులు) కావాలి.

నేల కడప బండలతో వేయించాం. ఏమైనా ఇబ్బందా?

బండ మంచిదే, దశాబ్దాలు నిలుస్తుంది. నునుపు చేయని బండ మీద కాలు కూడా జారదు. అయితే కడప నల్ల బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అన్నీ సున్నపురాళ్లే. గాజు మీద తెల్లమచ్చా, కింద ఉన్న బండా రసాయనికంగా ఒకే పదార్థం. మచ్చను కరిగించే నిమ్మరసం, వెనిగర్, యాసిడ్ ఏదైనా బండ మీద పడితే దాన్నీ తింటుంది. నల్లటి మెరుపు పోయి బూడిద రంగు మరకలు పడతాయి, మళ్లీ పాలిష్ పట్టించాల్సి వస్తుంది.

అందుకే బండ నేల ఉన్నచోట గాజును శుభ్రం చేసేటప్పుడు కింద ముందుగా నీళ్లు పోసి తడిపి ఉంచండి, మందును గుడ్డకు రాసి తుడవండి, వెంటనే కడిగేయండి. అంచుల్లో వేసే సిలికాన్ కూడా న్యూట్రల్ రకమే ఉండాలి. పుల్లని వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది, బండకు మరక పడుతుంది.

వాటం, గట్టు, వాటర్‌ప్రూఫింగ్ ఎలా ఉండాలి?

గాజు నీళ్లను ఆపుతుందనుకోవడం పొరపాటు. గాజు చిమ్మడాన్ని ఆపుతుంది, పారే నీటిని ఆపేది వాటమే. షవర్ భాగంలో నాలుగడుగులకు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం వరకు, నీళ్లు బయటికి పోయే జాలీ వైపు వాలు ఉండాలి. టైల్స్ వేశాక ఒక చెంబు నీళ్లు గాజు వచ్చే గీత మీద పోయించండి. ఒక్క పాయ కూడా కమోడ్ వైపు పోకూడదు. పోతే గాజుకు ఆర్డరు ఇవ్వకుండా నేలను సరిచేయించండి. మేస్త్రీ ‘సిలికాన్ వేస్తే ఆగిపోతుంది సార్’ అంటాడు. ఆగదు.

టైల్స్‌కు ముందు వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, జాలీ మూసి, కనీసం ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి కింది గది కప్పు చూడాలి. ఈ ఒక్క రోజు కోసం ఎవరెంత తొందరపెట్టినా ఒప్పుకోకండి. షవర్ గోడలకు కనీసం ఆరడుగుల ఎత్తు వరకు పూత ఉండాలి.

గాజు కింద అంగుళంన్నర గట్టు కట్టిస్తే నీళ్లు దాటవు, కానీ ముసలివాళ్లకు అది కాలికి తగులుతుంది. వాళ్లున్న ఇంట్లో గట్టు లేకుండా వాటం కాస్త ఎక్కువిచ్చి, గాజు గీత వెంబడి పొడుగాటి జాలీ వేయించడం మంచిది. గట్టు కట్టిస్తే దాని పైభాగం కూడా లోపలికి కొద్దిగా వాలి ఉండాలి.

వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యం వైపు పోవాలన్నారు.

పాటించేవాళ్లు ఆ సంగతి పైపులు వేయకముందే చెప్పండి. జాలీ స్థానం, వాటం అప్పుడే నిర్ణయమవుతాయి. గాజు పెట్టినా పెట్టకపోయినా వాటిలో మార్పు రాదు.

కొలతలు ఎప్పుడు తీయాలి?

టైల్స్ పని పూర్తయి, గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందుల పూడిక) ఆరాక మాత్రమే. టఫెన్ చేసిన గాజును తర్వాత కోయలేరు, రంధ్రం పెట్టలేరు. ప్రయత్నిస్తే మొత్తం పలక రాలిపోతుంది. పావు అంగుళం తేడా వచ్చినా కొత్త పలక చేయించాల్సిందే, అది దూరం నుంచి లారీలో రావాలి. వెడల్పు కింద, మధ్యలో, పైన మూడుచోట్ల కొలవాలి, గోడ నిట్టనిలువుగా ఉందో లేదో తూకపు గుండుతో చూడాలి. కొలతలు తీసే మనిషి, బిగించే మనిషి ఒకరే అయితే బాధ్యత ఒకరిదే అవుతుంది.

అమ్మానాన్నలకు ఆసరాగా గాజుకే పట్టుకునే కడ్డీ బిగించవచ్చా?

వద్దు. టవల్ వేసుకునే కడ్డీ వేరు, మనిషి బరువు ఆపే కడ్డీ వేరు. జారేటప్పుడు మనిషి దేన్ని పట్టుకుంటాడో ఎవరూ ముందే చెప్పలేరు, కాబట్టి ఆసరా కడ్డీలు గోడకే గట్టిగా బిగించాలి. వాళ్లకు కూర్చుని స్నానం చేసే చోటు, చేతికి అందే హ్యాండ్ షవర్ కూడా చూడండి.

మసక గాజు, గీతల గాజు మచ్చలను దాస్తాయా?

కొంతవరకు దాస్తాయి. గరుకు వైపు షవర్‌కు ఎదురుగా పెడితే నూనె, సబ్బు అందులోకి దిగి వదలవు. నున్నని వైపు లోపలికి రావాలి. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఈ మాట రాయించండి.

రోజూ ఎలా శుభ్రం చేయాలి?

ఆఖరున స్నానం చేసినవాళ్లు రబ్బరు వైపర్‌తో పైనుంచి కిందికి ఒకసారి లాగితే చాలు, నిమిషం కూడా పట్టదు. వారానికొకసారి వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడవండి (బండ ఉంటే పైన చెప్పిన జాగ్రత్తతో). తలంటుకున్న రోజు నూనె జిడ్డుకు గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు సరిపోతుంది.

బాత్‌రూం యాసిడ్‌ను మాత్రం గాజు పార్టిషన్ దగ్గరికి రానివ్వకండి. టైల్స్ మధ్య సిమెంటును తింటుంది, స్టీలును పాడుచేస్తుంది, మూసిన చోట దాని పొగ ఊపిరాడనివ్వదు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇంట్లో పనిచేసే మనిషికి కూడా ఈ విషయం విడమరిచి చెప్పండి.

గాలి, గీజరు సంగతి?

గాజును కప్పు వరకు మూయించవద్దు, పైన అడుగైనా ఖాళీ ఉంచి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. గీజరు స్విచ్ తడి భాగానికి బయట ఉండాలి. పాత వైరింగ్ మార్చేటప్పుడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరిగా వేయించండి.

ధరలను ఎలా పోల్చుకోవాలి?

దుకాణాల్లో ధర చదరపు అడుగు లెక్కన చెబుతారు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తుంటే 21 చదరపు అడుగులు. కానీ ఒకరు చెప్పిన అంకెలో కబ్జాలు కలిసి ఉంటాయి, ఇంకొకరి అంకెలో ఉండవు. గాజు, లోహపు భాగాలు, సీళ్లు, రవాణా, బిగింపు, జీఎస్టీ విడివిడిగా రాసిన కొటేషన్లు తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. దారిలో పలక పగిలితే ఎవరు భరిస్తారో కూడా అందులో ఉండాలి. డబ్బు తగ్గించుకోవాలంటే తలుపు మానేయండి, అంతేగాని గాజు మందంలోనూ స్టీలు గ్రేడులోనూ రాజీ పడకండి.

మేం అద్దె ఇంట్లో ఉంటున్నాం.

పొడుగాటి ప్లాస్టిక్ కర్టెన్, బిగించుకునే కడ్డీ చాలు. గోడకు రంధ్రం పడదు, వెళ్లేటప్పుడు తీసుకెళ్లవచ్చు.

పని అయ్యాక చివరి డబ్బు ఇచ్చే ముందు ఏం చూడాలి?

సిలికాన్ వేశాక ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. తర్వాత షవర్ పది నిమిషాలు వదిలి, బయటి నేల మీద పొడి కాగితాలు పరిచి ఎక్కడ తడుస్తుందో చూడండి. తలుపును సగం తెరిచి వదలండి, దానంతట అది ఊగి గోడకు కొట్టుకోకూడదు. అంచుల వెంబడి వేలు కాకుండా మెత్తని గుడ్డ పోనిచ్చి చూడండి, ఎక్కడైనా దారం పట్టుకుంటే అక్కడ పెచ్చు లేచినట్టే, ఆ పలకను మార్చమనండి. కింది సీలు రబ్బరు కొంతకాలానికి పసుపెక్కి గట్టిపడుతుంది కాబట్టి దాని కొలత, రకం పేరు బిల్లు వెనుక రాయించుకోండి.